మెజారిటీ రాని పార్టీకి పాలన ఎలా దక్కింది: 1952 మద్రాసు శాసనసభ ఎన్నికల లెక్కలు

ఏ రాష్ట్రంలోనైనా ఎన్నికల్లో ఏ పార్టీకీ మెజారిటీ రాకపోతే, గవర్నర్ ముందుగా ఎవరిని పిలవాలన్న వాదన మొదలవుతుంది. ఆ వాదనలో ఎప్పుడో ఒకప్పుడు 1952 నాటి మద్రాసు ప్రస్తావన వస్తుంది. అప్పుడు గవర్నర్ ప్రజాతీర్పును తిరగరాశారని కొందరు అంటారు. రాజ్యాంగం ఇచ్చిన అధికారాన్నే వాడుకున్నారని మరికొందరు అంటారు. ఆ ఎన్నికల పద్ధతి, ఓట్ల లెక్క, పార్టీల చీలికలు తెలియకుండా ఈ రెండు మాటల్లో దేన్నీ తూచడం కుదరదు. ఇప్పటి అలవాట్లతో చూస్తే అప్పటి విషయాల్లో సగం అర్థం కావు కూడా.

## తెలుగువారి మొదటి ఎన్నిక ఏది?

దీనికి నాలుగు జవాబులు వినిపిస్తాయి. అవి నాలుగూ తమతమ అర్థంలో సరైనవే. స్వాతంత్ర్యం తర్వాత వయోజన ఓటు హక్కుతో తెలుగువారు తొలిసారి ఓటు వేసింది 1952 ఎన్నికల్లో. అయితే అప్పటికి ఆంధ్ర అనే రాష్ట్రం లేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు తమిళ జిల్లాలతో, మలబారుతో, దక్షిణ కన్నడతో కలిసి మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. తెలంగాణ హైదరాబాదు రాష్ట్రంలో భాగం. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి విడిగా జరిగిన మొదటి ఎన్నిక 1955 ఫిబ్రవరిది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1957లో తెలంగాణలోని 105 స్థానాలకే ఎన్నికలు జరిగాయి. ఆంధ్ర ప్రాంతం రెండేళ్ల క్రితమే ఓటు వేసింది కనుక అక్కడి సభ్యులు కొనసాగారు. రాష్ట్రమంతా ఒకేసారి శాసనసభను ఎన్నుకున్నది 1962లోనే.

హైదరాబాదు కథ వేరు. అది బ్రిటిష్ వారి నేరు పాలనలో లేని నిజాం సంస్థానం. 1948 సెప్టెంబరు సైనిక చర్యతో భారత్‌లో కలిసింది. 1952లో అక్కడి 175 స్థానాల్లో 93 గెలిచిన కాంగ్రెస్‌కు స్పష్టమైన మెజారిటీ వచ్చింది, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. చిక్కుముడి అంతా మద్రాసులో పడింది.

## 1946 సభకూ 1952 సభకూ తేడా

మద్రాసుకు శాసనసభ కొత్త కాదు. 1935 చట్టం కింద 1937లోనూ 1946లోనూ ఎన్నికలు జరిగాయి, రాజాజీ (చక్రవర్తి రాజగోపాలాచారి), టంగుటూరి ప్రకాశం వంటివారు ప్రభుత్వాలు నడిపారు. కాని ఆ ఎన్నికల్లో ఆస్తి, పన్ను చెల్లింపు, చదువు వంటి అర్హతలను బట్టి ఓటు ఉండేది. వయోజనుల్లో అధిక భాగానికి, ముఖ్యంగా కూలీల్లో, కౌలుదారుల్లో, స్త్రీలలో చాలామందికి ఆ హక్కు లేదు. 215 స్థానాల ఆ సభలో ముస్లింలకు, క్రైస్తవులకు, యూరోపియన్లకు, జమీందారులకు, వర్తక సంఘాలకు వేర్వేరు స్థానాలు ఉండేవి. స్వతంత్రం వచ్చిన నాటి నుంచి 1952 వరకు మద్రాసును పాలించింది ఈ పరిమిత ఓటుతో ఎన్నికైన సభే. మొదట ఓమందూరు రామస్వామి రెడ్డియార్, ఆ తర్వాత కుమారస్వామి రాజా ముఖ్యమంత్రులుగా ఉన్నారు.

రాజ్యాంగం ఈ ఏర్పాటును మొదలంటా మార్చింది. 21 ఏళ్లు నిండిన ప్రతి పౌరుడికీ, పౌరురాలికీ ఓటు వచ్చింది. మతాన్ని బట్టి విడి ఓటర్ల జాబితాలు పోయాయి. షెడ్యూల్డు కులాలకు, తెగలకు రిజర్వు స్థానాలు మిగిలాయి, కాని వాటిలోనూ ఓటు వేసేది ఆ నియోజకవర్గంలోని ఓటర్లందరూ. సభ పరిమాణం 375కు పెరిగింది. 1946లో కాంగ్రెస్‌కు ఉన్న బలం 1952లో ఎందుకు నిలవలేదో వెతికేటప్పుడు ఈ మార్పును మొదట లెక్కలోకి తీసుకోవాలి. ఓటర్లు మనసు మార్చుకున్నారన్నది సగం మాటే. అంతకుముందు ఎవరూ అడగని జనాన్ని మొదటిసారి అడిగారు.

## అభ్యర్థికో పెట్టె

ఆనాటి బ్యాలెట్ కాగితం మీద అభ్యర్థుల పేర్లు గాని గుర్తులు గాని ఉండేవి కావు. రూపాయి నోటంత కాగితం మీద వరుస సంఖ్య ఉండేది. తెర వెనుక ప్రతి అభ్యర్థికీ ఒక పెట్టె, దాని మీద అతని గుర్తు ఉండేవి. ఓటరు లోపలికి వెళ్లి తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి రావాలి. కాంగ్రెస్‌ది కాడెద్దులు, కమ్యూనిస్టులది కంకి కొడవలి, ప్రకాశం పంతులు చేరిన కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీది గుడిసె. చదువు రానివారు ఎక్కువగా ఉన్న దేశంలో ముద్ర వేయమనడం కష్టమని తొలి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ హయాంలో ఈ పద్ధతి ఎంచుకున్నారు. దీనివల్ల పెట్టెల సంఖ్య విపరీతంగా పెరిగింది గాని, ఓటు వేయడం తేలికైంది. మద్రాసులో పోలింగు 1952 జనవరిలో పలు రోజులపాటు సాగింది.

## ఒక నియోజకవర్గం, ఇద్దరు సభ్యులు

ఇప్పటి పాఠకులకు అన్నిటికన్నా వింతగా తోచేది ద్విసభ్య నియోజకవర్గం. మద్రాసులో 309 నియోజకవర్గాలు ఉన్నాయి, స్థానాలు మాత్రం 375. కారణం, 243 నియోజకవర్గాల నుంచి ఒక్కొక్క సభ్యుడు, 66 నియోజకవర్గాల నుంచి ఇద్దరేసి సభ్యులు ఎన్నిక కావడం. ఆ 66లో ప్రతిచోటా ఒక స్థానం షెడ్యూల్డు కులాలకో తెగలకో రిజర్వు అయ్యేది, రెండోది జనరల్. అక్కడ ఓటరుకు రెండు ఓట్లు ఉంటాయి, అయితే రెండూ ఒకే అభ్యర్థికి వేయకూడదు.

లెక్క ఎలా తేల్చేవారో ఒక ఊహా నియోజకవర్గంతో చూద్దాం. జనరల్ అభ్యర్థులు ఇద్దరికి 30,000, 24,000 ఓట్లు, షెడ్యూల్డు కులాల అభ్యర్థులు ఇద్దరికి 26,000, 21,000 ఓట్లు వచ్చాయనుకుందాం. ముందుగా రిజర్వు స్థానాన్ని ఆ వర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చిన వ్యక్తికి, అంటే 26,000 వచ్చినవారికి ఇస్తారు. తర్వాత మిగిలినవారందరిలో ఎక్కువ ఓట్లు ఎవరివో చూస్తారు, 30,000 వచ్చినవారు రెండో స్థానం పొందుతారు. ఇంతవరకు తేలికే. షెడ్యూల్డు కులాల అభ్యర్థులకు 32,000, 31,000 చొప్పున వచ్చి ఉంటే? మొదటివారికి రిజర్వు స్థానం, మిగిలినవారిలో 31,000 వచ్చిన రెండోవారే ముందున్నారు కనుక జనరల్ స్థానం కూడా ఆ వర్గానికే. జనరల్ స్థానం అంటే రిజర్వు కానివారి కోసం కేటాయించిన స్థానం కాదు, అందరికీ తెరిచిన స్థానం.

ఇది ఊహకే పరిమితం కాలేదు. 1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో రెండు స్థానాలూ షెడ్యూల్డు తెగల అభ్యర్థులకే దక్కాయి, తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఓడిపోయారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 1959లో తీర్పు గెలిచిన డిప్పల సూరిదొర పక్షానే వచ్చింది. 1961లో చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలనే తీసివేశారు.

ద్విసభ్య పద్ధతి మరో తికమక కూడా తెచ్చింది. 1952 ఎన్నికల ఓట్ల శాతాలు ఓట్లలో వాటాలే తప్ప ఓటర్లలో వాటాలు కావు. ఎందుకంటే కొందరు ఓటర్లు ఒక ఓటు, కొందరు రెండేసి ఓట్లు వేశారు. నల్లగొండ ద్విసభ్య లోక్‌సభ నియోజకవర్గంలో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయని తెలుగునాట గర్వంగా చెప్పుకుంటారు. అది నిజమే. ఆ పోలిక నిలబడుతుంది కూడా, ఎందుకంటే నెహ్రూ పోటీ చేసినదీ ద్విసభ్య నియోజకవర్గమే. ఒక ఏకసభ్య స్థానంలో గెలిచినవారి ఓట్లతో పోల్చితే మాత్రం ఆ లెక్కకు అర్థం ఉండదు.

## ఫలితాలు: 152 దగ్గర ఆగిన కాంగ్రెస్

375 స్థానాల సభలో మెజారిటీకి 188 కావాలి. కాంగ్రెస్ 152 గెలిచింది, 36 తక్కువ. కమ్యూనిస్టు పార్టీ 62, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ 35, తమిళనాడు టాయిలర్స్ పార్టీ 19, ఎన్.జి.రంగా స్థాపించిన కృషికార్ లోక్ పార్టీ 15, సోషలిస్టులు 13, కామన్‌వీల్ పార్టీ 6, ముస్లిం లీగ్ 5 గెలిచాయి. స్వతంత్రులు 62 మంది, అంటే రెండో పెద్ద పార్టీతో సమానం. మిగిలిన ఆరు స్థానాలు చిన్న పార్టీలవి.

ఈ అంకెలను ప్రాంతాల వారీగా విడదీస్తే అసలు బొమ్మ కనిపిస్తుంది. తమిళ జిల్లాల్లో కాంగ్రెస్ 96 స్థానాలు గెలిచి సగానికి అటూఇటూగా నిలిచింది. దక్షిణ కన్నడలో 11కు 9 గెలిచింది. మలబారులో 29 స్థానాలకు దక్కినవి నాలుగే. తెలుగు ప్రాంతంలో 143కు 43. కాబట్టి మద్రాసులో కాంగ్రెస్ ఓడిందన్న మాటను, తెలుగు, మలయాళ జిల్లాల్లో ఓడిందని దిద్దుకోవడం ఎక్కువ సరైనది. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజాతో పాటు బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు, కల్లూరి చంద్రమౌళి వంటి తెలుగు మంత్రులు ఓడిపోయారు. అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని ఆయన బంధువే అయిన కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి ఓడించారు.

కారణాల మీద ఏకాభిప్రాయం లేదు. తిండిగింజల కరువు, రేషను కోతలు, ధాన్యం సేకరణ మీద రైతు కోపం ప్రధానమని కొందరు చెబుతారు. రాష్ట్రమంతా ఉన్న ఈ కష్టం తమిళ జిల్లాల్లో కాంగ్రెస్‌ను అంతగా దెబ్బతీయలేదు కనుక అది ఒక్కటే చాలదు. రెండో వాదన ఆంధ్ర రాష్ట్ర సమస్య. కాంగ్రెస్ వేసిన జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్యల సంఘం 1949లో మద్రాసు నగరం మీద పట్టు వదిలితే తప్ప ఆంధ్ర రాష్ట్రం కుదరదన్న దిశగా నివేదిక ఇచ్చింది. 1951 ఆగస్టులో స్వామి సీతారాం నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఎన్నికల నాటికి రాష్ట్రం మాత్రం రాలేదు. మూడో వాదన కాంగ్రెస్ ఇంటిపోరు. 1951లో ఆంధ్ర ప్రాంత కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సంజీవరెడ్డి చేతిలో రంగా ఓడిపోయారు. తర్వాత ప్రకాశం, రంగా ఇద్దరూ పార్టీ వీడి వేర్వేరు దారులు పట్టారు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో రైతుకూలీల్లో, చిన్న రైతుల్లో కమ్యూనిస్టులు ఏళ్ల తరబడి చేసిన పని నాలుగోది. నా అంచనాలో మూడోదీ నాలుగోదీ కలిసి ఫలితాన్ని నిర్ణయించాయి. మొదటి రెండూ వాటికి బలం ఇచ్చాయి.

## ఓట్లు సీట్లుగా మారే తీరు

మన పద్ధతిలో ఒక నియోజకవర్గంలో అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవారు గెలుస్తారు, సగం దాటాల్సిన పని లేదు. 40,000 ఓట్లు పోలైన ఒక ఊహా స్థానంలో కమ్యూనిస్టుకు 16,000, కాంగ్రెస్‌కు 15,000, ప్రజా పార్టీకి 9,000 వచ్చాయనుకుందాం. నూటికి నలభై ఓట్లతో కమ్యూనిస్టు గెలుస్తాడు. ప్రజా పార్టీ బరిలో లేకపోతే ఆ 9,000 ఎటు పోయేవో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కాని అవి కాంగ్రెస్ నుంచి చీలిన ఓట్లే అయితే ఫలితం తలకిందులయ్యేది.

రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెస్‌కు దాదాపు 35 శాతం ఓట్లతో 40 శాతం పైచిలుకు స్థానాలు వచ్చాయి. కమ్యూనిస్టులకు 13 శాతం ఓట్లతో 16 శాతం పైచిలుకు. రెండు పార్టీలూ పద్ధతి వల్ల లాభపడినవే. పెద్ద పార్టీ అన్నిచోట్లా పోటీ చేసి లాభపడింది. కమ్యూనిస్టులు తమకు బలమున్న చోట్లనే నిలబడి లాభపడ్డారు.

## గవర్నర్ ముందున్న రెండు దారులు

ఎన్నికలయ్యాక కాంగ్రెసేతర పక్షాలు చేతులు కలిపాయి. ప్రకాశం నాయకుడిగా ఐక్య ప్రజాతంత్ర ఫ్రంట్ ఏర్పడి, తనకు 166 మంది మద్దతు ఉందని గవర్నర్‌కు చెప్పింది. కమ్యూనిస్టులు, ప్రజా పార్టీ, కొన్ని చిన్న పార్టీలు, స్వతంత్రులు అందులో ఉన్నారు. అప్పుడే గవర్నర్‌గా వచ్చిన శ్రీప్రకాశ ముందు రెండు లెక్కలు ఉన్నాయి. ఒక పార్టీగా 152, ఒక కూటమిగా 166. రెండూ 188కి తక్కువే.

కాంగ్రెస్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. ముఖ్యమంత్రి ఓడిపోయారు, నిలబెట్టదగిన నాయకుడు సభలో లేరు. అప్పటికి గవర్నర్ జనరల్ పదవి, కేంద్ర హోంమంత్రి పదవి కూడా నిర్వహించి విశ్రాంతిలో ఉన్న రాజాజీని ఒప్పించి నాయకుణ్ణి చేసుకున్నారు. ఆయన ఎన్నికల్లో పోటీయే చేయలేదు. గవర్నర్ ఆయనను శాసనమండలికి నామినేట్ చేసి, ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నారు. 1952 ఏప్రిల్ 10న రాజాజీ ప్రమాణస్వీకారం చేశారు.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతుంటాయి. వాటిని విడదీయాలి. మొదటిది, కాంగ్రెస్‌ను పిలవడం సరైనదా? రెండోది, రాజాజీని నామినేట్ చేయడం సరైనదా?

మొదటి ప్రశ్నకు సంబంధించి గవర్నర్‌ను సమర్థించేవారి వాదన ఇది. ఫ్రంట్ ఎన్నికల తర్వాత పుట్టింది. అందులోని పార్టీలు ఒకే ప్రణాళికతో జనం ముందుకు వెళ్లలేదు. 166 అన్నది కూడా మెజారిటీ కాదు. అటువంటప్పుడు సభలో అతి పెద్ద పార్టీని పిలిచి బలం నిరూపించుకోమనడం పార్లమెంటరీ ఆచారానికి దగ్గరగా ఉంటుంది. విమర్శకుల వాదనా తీసివేయదగినది కాదు. నూటికి అరవైఐదు ఓట్లు కాంగ్రెస్‌కు వ్యతిరేకంగా పడ్డాయి. మంత్రులను జనం వరసగా ఓడించారు. 166 మంది పేర్లతో ఒక కూటమి ముందుకు వచ్చాక 152 మంది ఉన్న పక్షానికి మొదటి అవకాశం ఇవ్వడం అంటే, అధికారంలో ఉండి మిగతా 36 మందిని సమకూర్చుకొమ్మని చెప్పడమే. కమ్యూనిస్టులను అధికారానికి దూరంగా ఉంచాలన్న కోరిక ఈ నిర్ణయంలో లేదని నమ్మడం కష్టం. రాజాజీ తన కమ్యూనిస్టు వ్యతిరేకతను ఎన్నడూ దాచుకోలేదు.

రెండో ప్రశ్న రాజ్యాంగపు అక్షరానికి సంబంధించినది. 164వ అధికరణం సభ్యుడు కాని వ్యక్తి ఆరు నెలల వరకు మంత్రిగా ఉండవచ్చని చెబుతుంది. ఆ లోగా ఆయన ఏదో ఒక సభలో సభ్యుడు కావాలి. 171వ అధికరణం సాహిత్యం, విజ్ఞానం, కళలు, సహకార ఉద్యమం, సంఘసేవల్లో అనుభవం ఉన్నవారిని మండలికి నామినేట్ చేసే అధికారం గవర్నర్‌కు ఇస్తుంది. రాజాజీ పేరున్న రచయిత, కనుక అక్షరం ప్రకారం అనర్హుడు అనలేము. కాని ఆ అధికరణం పెట్టింది చట్టసభలకు పండితుల సలహా అందాలని, ఎన్నికను తప్పించి ముఖ్యమంత్రిని తేవడానికి కాదు. ఆయన ఆరు నెలల్లో ఉప ఎన్నికలో గెలిచి ఉంటే ఈ అభ్యంతరం తేలిపోయేది, కాని 1954లో దిగిపోయేదాకా మండలి సభ్యుడిగానే ఉన్నారు. కమ్యూనిస్టు నాయకుడు పి.రామమూర్తి మద్రాసు హైకోర్టుకు వెళ్లగా కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. కాంగ్రెస్‌ను పిలవడం మీద ఇరుపక్షాల వాదనలూ నిలబడతాయి. నామినేషన్ విషయంలో మాత్రం విమర్శకుల పక్షమే బరువుగా ఉందని నాకు అనిపిస్తుంది. నెహ్రూ కూడా ఆ నామినేషన్‌ను ఇష్టపడలేదు.

## 152 నుంచి 200 దాకా

జూలై మొదట్లో జరిగిన విశ్వాస పరీక్షలో రాజాజీకి 200 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా 151. ఏప్రిల్‌కూ జూలైకీ మధ్య 48 మంది ఎక్కడి నుంచి వచ్చారు? ముస్లిం లీగ్ మద్దతు ఇచ్చింది. కామన్‌వీల్ పార్టీ నాయకుడు మాణిక్యవేలు నాయకర్ మంత్రి అయ్యారు. టాయిలర్స్ పార్టీ బయటి నుంచి సహకరించింది. స్వతంత్రుల్లో పలువురు ఇటు వచ్చారు. అంటే ఫ్రంట్ చెప్పిన 166లో కొంత భాగం ఇసుక కట్ట అని తేలింది.

ఆ సంఖ్యను సమర్థకులు తమకు అనుకూలంగా చూపుతారు. సభ తీర్పు చెప్పిందిగా అంటారు. మూడు నెలలు ప్రభుత్వంలో ఉన్నవారికి మంత్రి పదవులు ఇవ్వగల శక్తి ఉంటుంది, ఆ అవకాశం ప్రకాశానికి ముందుగా వచ్చి ఉంటే అదే స్వతంత్రులు అటు వెళ్లేవారని విమర్శకుల జవాబు. దీన్ని తేల్చే మార్గం లేదు. పార్టీ మారితే సభ్యత్వం పోతుందన్న చట్టం 1985లో గాని రాలేదు. బలం రాజ్‌భవన్‌లో కాక సభలోనే తేలాలని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఎవరిని ముందు పిలవాలన్నదానికి కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ 1988లో ఒక వరుస సూచించింది. ఎన్నికల ముందరి కూటమి, ఆ తర్వాత ఇతరుల మద్దతు చూపిన అతి పెద్ద పార్టీ, ఆ తర్వాతే ఎన్నికల అనంతర కూటమి. ఆ వరుసను వెనక్కి తీసుకెళ్లి 1952కు వర్తింపజేస్తే శ్రీప్రకాశ నిర్ణయం దానికి దగ్గరగానే ఉంటుంది. అయితే అప్పటికి ఆ వరుస లేదు, ఆయన ముందు పాత ఉదాహరణలూ లేవు.

## అదే తీర్పు, రెండో ప్రభుత్వం

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తర్వాత ఆంధ్ర రాష్ట్రం ప్రకటన వచ్చి, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడింది. దానికి కొత్తగా ఎన్నికలు జరపలేదు. మద్రాసు సభలో ఉన్న తెలుగు ప్రాంత సభ్యులు 140 మంది ఆంధ్ర శాసనసభ అయ్యారు. మద్రాసులో ప్రతిపక్ష ఫ్రంట్‌కు నాయకత్వం వహించిన ప్రకాశం ఇక్కడ కాంగ్రెస్ మద్దతుతోనే ముఖ్యమంత్రి అయ్యారు, సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. కమ్యూనిస్టులు ప్రతిపక్షంలో కూర్చున్నారు. ఒకే ఓటు నుంచి ఏడాదిన్నరలో ఇలా రెండు రకాల ప్రభుత్వాలు పుట్టాయి. 1954 నవంబరులో మద్యనిషేధం వివాదం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది.

1955 ఎన్నికలకు కాంగ్రెస్ 1952 లెక్కను కంఠస్థం చేసి వచ్చినట్టు వచ్చింది. కృషికార్ లోక్ పార్టీని, ప్రకాశం ప్రజా పార్టీని కలుపుకొని ఒకే కూటమిగా నిలబడింది. 196 స్థానాల్లో కాంగ్రెస్ 119, లోక్ పార్టీ 22, ప్రజా పార్టీ 5 గెలిచాయి. కమ్యూనిస్టు పార్టీకి దాదాపు 31 శాతం ఓట్లు పడ్డాయి, స్థానాలు మాత్రం 15. మూడేళ్ల క్రితం అదే తెలుగు జిల్లాల్లో ముక్కోణపు పోటీలు ఆ పార్టీకి సుమారు నలభై స్థానాలు ఇచ్చాయి. ఈసారి చాలా చోట్ల ఎదురుగా ఉన్నది ఒక్కడే.